దడి లేని స్నానం

గెడ్డవాడ రాజు జగ్గ భూపతిగారు ఒకరోజు పొద్దున్నే కోట బురుజెక్కి, పొలాలకేసి చూసి మూతి ముడిచారు.

"ఏమిటయ్యా ఈ అతుకుల బొంత! చేనుకో కంచె, కంచెనిండా పొదలు. నా రాజ్యం నాకే కనిపించదేం?"

పక్కనున్న తోటల అధికారి నీలాద్రి పాత్రుడు మీసం దువ్వుకున్నాడు. ఆ మీసానికి పూటకో నూనె, ఒంటికి పూటకో అత్తరు.

"కొట్టించేద్దాం ప్రభూ! ఉత్తరపు పొలాల్లో కిందటేడు కొట్టించాను కదా, చూడండి, తివాచీ పరిచినట్టు లేదూ?"

లేకేం, ఉంది. ఆ తివాచీని ఎలకలు కొరికేస్తున్న సంగతి మాత్రం అంత ఎత్తునుంచి కనపడదు.

ఆ సంగతి విదూషకుడు కూర్మన్నకు కోటగుమ్మం దగ్గర తెలిసింది. ఉత్తరపు పొలాల రైతు ఎర్రాయమ్మ అతన్ని ఆపి నిలదీసింది.

"కంచెల్లో గుడ్లగూబలుండీవి, ముంగిసలుండీవి, జెర్రిపోతులుండీవి. ఎలక తలెత్తడానికి జడిసీది. కౌజుపిట్టలు పురుగుల్ని ఏరుకు తినీవి. పొదలు కొట్టీసినాక అన్నీ ఎటో ఎల్లిపోనాయి బాబూ. ఎలకలు మిగిలినాయి, మేం మిగిలినాం. దక్షిణపు చేలు కూడా ఇలాగే అయితే ఊరంతా పస్తే. నువ్వైనా రాజుగారి చెవినెయ్యి."

వేద్దామనే కూర్మన్న కొలువులోకి వెళ్లాడు. రాజుగారితో ఏ మాటైనా నవ్విస్తూ చెప్పాలి కాబట్టి గొంతు సవరించుకున్నాడు.

"ప్రభూ, కంచెలు కొట్టేస్తే పొలానికి కనుబొమ్మలు గొరిగించినట్టుంటుంది!"

ఎవరూ నవ్వలేదు. వెనకవరసలో ఒకాయన ఆవలించాడు.

కూర్మన్న తనను తానే తిట్టుకున్నాడు. 'నన్ను చూస్తే నవ్వుతారు, నా మాటకు నవ్వరు. ఈ మొహానికి మాటలొస్తే ఈపాటికి మంత్రినయ్యేవాణ్ని.'

"హాస్యం చప్పగా ఉంది కూర్మన్నా," అన్నారు రాజుగారు. "దీనికి శిక్ష వేస్తున్నాను. ఆ కంచెలు నువ్వే దగ్గరుండి కొట్టించు."

పాత్రుడు సంబరంగా లేచి ఆజ్ఞ తనే చెప్పాడు.

"కంచె గానీ, దడి గానీ, ఎవరిదైనా సరే, బురుజు మీంచి ప్రభువుల చూపుకి అడ్డొస్తే పీకిపారెయ్యాలి! ఎవరు మొత్తుకున్నా ఆగకూడదు!"

రాజుగారు తలూపారు.

కూర్మన్న బయటికొచ్చాడు. పారిపోదామా అనుకున్నాడు గానీ, ఈ బొజ్జ వేసుకుని పొలిమేర దాటేలోపు ఆకలేస్తుందని తనకే తెలుసు. కోటగోడ నీడలో కూలబడి ఆజ్ఞను మళ్లీ మళ్లీ నెమరేశాడు. 'దడి' అన్న మాట దగ్గర ఆగిపోయాడు. మెల్లగా లేచి, బట్టలు దులుపుకున్నాడు.

శనివారం పొద్దున రాజుగారికి కబురు పంపాడు. "పని మొదలుపెడుతున్నాను. ప్రభువులు బురుజెక్కి చూడాలి."

బురుజుకి ఎదురుగా నీలాద్రి పాత్రుడి పెరడు. అందులో తాటాకు దడి కట్టిన స్నానాల చోటు. పక్కనే, పెరటికీ పొలానికీ మధ్య, వావిలి, గచ్చ, రేగు కలిసి పెరిగిన పాత కంచె.

దడి లోపల పాత్రుడు తలంటుకుంటున్నాడు. ఒళ్లంతా నూనె, తలనిండా కుంకుడుపులుసు, కళ్లు గట్టిగా మూసుకుని కూనిరాగం.

కూలీలు గుంజలు పెకిలించి దడి ఎత్తుకుపోయారు.

చల్లగాలి తగిలి పాత్రుడు ఒక కన్ను తెరిచాడు. దడి లేదు. కోట ఉంది. బురుజుంది. బురుజు మీద రాజుగారున్నారు, ఆయన వెనక కొలువంతా ఉంది.

"ఓరి నాయనో!"

చేతికందిన తువ్వాలు పట్టుకుని పక్కనున్న కంచెలోకి దూకాడు. అందులోంచి కౌజుపిట్టలు బుర్రున లేచాయి. ఒక కుందేలు బయటికి ఉరికింది. గచ్చముళ్లు దిగినచోటల్లా పాత్రుడు కొత్తరాగం అందుకున్నాడు.

రాజుగారు నవ్వకపోతే కూర్మన్న తల పోతుంది. అయినా గొడ్డలి అందుకుని కంచె దగ్గరికి వెళ్లాడు.

"పాత్రుడుగారూ, కాస్త బయటికి రండి. ఈ కంచె కూడా కొట్టాలి."

"వద్దురా! కొట్టకు!"

"ఎవరు మొత్తుకున్నా ఆగకూడదని తమరే సెలవిచ్చారు కదండీ?"

"ఒరే కూర్మన్నా, నీకు దణ్ణం పెడతాను! ఇది కూడా కొట్టేస్తే నేనెక్కడ తలదాచుకోనురా?"

కూర్మన్న గొడ్డలి దించి, బురుజుకేసి చేతులు జోడించాడు.

"ఉత్తరపు పొలాల పిట్టలూ ముంగిసలూ ఇదే అడిగి ఉంటాయి ప్రభూ. పాపం, వాటికి పాత్రుడుగారంత గొంతు లేదు. అవి వెళ్లిపోయాయి, ఎలకలు పంట తినేస్తున్నాయి."

ఆ మాట అనేసి, కూర్మన్న తనకు తెలిసిన దేవుళ్లందరినీ తలుచుకున్నాడు.

అంతలో బురుజు మీద రాజుగారు గోడ పట్టుకుని పగలబడి నవ్వడం మొదలుపెట్టారు. కళ్లు తుడుచుకుని అరిచారు.

"ఆ ఆజ్ఞకి తలూపింది నేనే కదయ్యా! తలైతే ఊగింది గానీ, లోపల ఏమీ కదల్లేదు! ఇకమీదట ఒక్క పొద కూడా కొట్టొద్దు. ఉత్తరపు పొలాల్లో కంచెలు మళ్లీ నాటించండి. ఆ పని పాత్రుడిదే. ఇదిగో, నీకు బహుమానం!"

భుజం మీది జరీ శాలువా తీసి కిందికి విసిరారు. అది గాలికి తేలి వచ్చి, కూర్మన్న చాచిన చేతులు దాటి, కంచె మీద పడింది. లోపల్నుంచి నూనె కారుతున్న చెయ్యొకటి పైకొచ్చి దాన్ని చటుక్కున లాక్కుంది.

కూర్మన్న ఖాళీ చేతులకేసి చూసుకుని, నిట్టూర్చి, పొదకో నమస్కారం పెట్టాడు.

"ఉంచుకోండి పాత్రుడుగారూ. ఈ పూటకి నాకంటే మీకే అవసరం."

ఈసారి కొలువంతా నవ్వింది. అతని మాటకే నవ్వింది.