నాంచారమ్మ గెలుచుకున్న చేప పీట

అనగనగా గోదారి పాయ పక్కన ఒక ఊళ్ళో నాంచారమ్మ అని ఒకావిడ ఉండేది బుజ్జీ. ఆవిడకి పాత బొమ్మలంటే ప్రాణం. రంగు వెలిసిన కొయ్యగుర్రాలు, లక్క భరిణెలు, చిలక ముక్కు కొబ్బరికోరాలు ఎవరింట్లో ఏ మూల పడున్నా వెతికి పట్టుకుని, బతిమాలో బామాలో తెచ్చుకునేది. "నా కంట పడిందంటే నా ఇంట పడాల్సిందే!" అనేది. అమ్మో, ఎంత ధీమానో!

కాలు తియ్యి నా మీంచి. ఆఁ, విను.

ఆ ఏడు దసరా బొమ్మల కొలువులో నడిమెట్టు ఖాళీగా ఉంచింది. ఎందుకనుకున్నావ్? పొరుగూళ్ళో ఒక వామనగుంటల పీట ఉంది. తెరిస్తే అటు ఏడు గుంటలు, ఇటు ఏడు గుంటలు. మూస్తే చేప! పొలుసులతో సహా చెక్కాడు ఏ వడ్రంగి తాతో. "ఈసారి ఆ చేప పీట నా కొలువులో పెడుతున్నా, చూడ్డానికి రండి" అని నాంచారమ్మ ఊరందర్నీ పిలిచేసింది. పీట ఇంకా చేతికి రాందే! తేకపోతే నలుగుర్లో పరువు పోదూ?

ఆ పీట ఇద్దరు తోడికోడళ్ళది. పెద్దావిడ అచ్చియ్యమ్మ, చిన్నావిడ సూరమ్మ. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, మాటలు మాత్రం లేవు. పులుసులో ఉప్పెక్కువైతే పెద్దావిడ పిల్లితో చెప్పేది. "నచ్చకపోతే తినొద్దని చెప్పవే" అని చిన్నావిడా పిల్లికే చెప్పేది. పాపం, ఆ పిల్లికి తిండి కంటే కబుర్లే ఎక్కువ. వాళ్ళత్తగారు పోయేముందు, "రోజూ ఒక్క ఆటన్నా ఆడండే, ఆ కాసేపన్నా మాట్లాడుకుంటారు" అని ఇద్దరి చేతా ఒట్టు వేయించుకుంది. అందుకని మధ్యాహ్నం పీట ముందు కూర్చుంటేనే వాళ్ళ నోళ్ళు పెగిలేవి.

నాంచారమ్మ మొదటిసారి వెళ్ళి పెద్దావిణ్ణి అడిగింది. "నాదేముందండీ, ఆవిణ్ణి అడగండి" అంది. చిన్నావిణ్ణి అడిగితే, "పెద్దది ఆవిడ కదండీ, ఆవిడే చెప్పాలి" అంది. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటేగా తేలేది! నాంచారమ్మ మజ్జిగ తాగి తిరిగొచ్చింది.

ఆ తర్వాత రెండోసారి, టేకుతో కొత్త పీట చేయించి పట్టుకెళ్ళింది, మార్చుకుందామని. పెద్దావిడ గుంటలో వేళ్ళు పెట్టి, "ఇరుకు" అంది. చిన్నావిడ చింతగింజలు ఒంపి చూసి, "చప్పుడు బాలేదు" అంది. అయిపోయింది బేరం.

అప్పుడు నాంచారమ్మకి పౌరుషం వచ్చేసింది. మూడోసారి వెళ్ళి ఆ చేప పీట ముందే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "మీ ఇద్దర్నీ గెలిస్తే పీట నాది. ఓడితే మళ్ళీ మీ గుమ్మం తొక్కను!" అంది. వాళ్ళకి మాత్రం పౌరుషం లేదూ? "కానివ్వండి!" అన్నారు ఇద్దరూ.

పెద్దావిడ ఆడింది, ఓడింది. చిన్నావిడ ఆడింది, ఓడింది. "ఆగండాగండి, ఇంకొక్క ఆట! ఈసారి ఇద్దరం కలిసి ఆడతాం" అంది చిన్నావిడ. నాంచారమ్మ సరేనంది.

పెద్దావిడ కొంగు దోపుకుని వెళ్ళి చిన్నావిడ పక్కన కూర్చుంది. ఇన్నేళ్ళలో ఎదురెదురుగా కూర్చోవడమే గానీ, పక్కపక్కన కూర్చున్నది లేదు.

"ఆ చివరి గుంట తియ్యవే సూరమ్మా!"

"కాదక్కా, ఇది తీద్దాం, బోలెడొస్తాయి!"

సూరమ్మ తను అనుకున్నదే తీసింది. నాంచారమ్మ గింజలన్నీ ఊడ్చేసుకుంది!

పీట చంకన పెట్టుకుని ఠీవిగా ఇంటికొచ్చి, కొలువులో పెట్టి చూసుకుంది. ఎంత బావుందో! చూస్తూ చూస్తూ ఉంటే ఆ తోడికోడళ్ళ ఒట్టు గుర్తొచ్చింది. "అయ్యో, రేపు మధ్యాహ్నం వాళ్ళేం చేస్తారు? ఉన్న ఆ కాస్త మాటా నేను పట్టుకొచ్చేశానే!" అనుకుంది. ఆవిడకి ఏడుపొచ్చేసింది బుజ్జీ.

మర్నాడు పొద్దున్నే, పరువు పోతే పోయింది, ఊరంతా నవ్వితే నవ్వనీ అని, పీట మళ్ళీ చంకనెత్తుకుని బయల్దేరింది. వాళ్ళ సందు మలుపు తిరిగిందో లేదో, ఒకటే కేకలు!

"నేను చెప్పిన గుంట తీసుంటే గెలిచేవాళ్ళం కదే!"

"మొదటాట ఓడిందెవరక్కా? నువ్వు కాదూ?"

"నా ఆట సంగతి నీకెందుకు? అక్కడ పప్పు మాడుతోంది, చూడు ముందు!"

"నువ్వు నోరాపితేగా నేను లేచేది!"

నాంచారమ్మ గోడ వారగా నిలబడి వింది. వినీ వినీ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పొట్ట పట్టుకుని మరీ నవ్వింది. లోపలికి వెళ్ళనే లేదు. పీట సర్దుకుని, వచ్చిన దారినే గబగబా నడిచి వెళ్ళిపోయింది. వాళ్ళ కేకలు పొలిమేర దాకా వినబడుతూనే ఉన్నాయట!

పీట చేరింది ఒక ఇంటికి,
మాట చేరింది ఒక ఇంటికి,
కథ బయల్దేరింది కంచికి,
కునుకు రావాలి నీ కంటికి!