రేవులో మూడు ఆదివారాలు

ఇలా దగ్గరికి జరుగు, చిన్నీ. దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. ముందే ఒక మాట చెబుతున్నా. ఈ కథలో మూడు ఆదివారాలు ఉన్నాయి. ఏది ముందో ఏది వెనకో నేను అటూ ఇటూ చేస్తానేమో. చేస్తే చెయ్యనీ, మధ్యలో ఆపకు. ఆపితే ఉన్నది కూడా పోతుంది.

అనగనగా కాలవ వారన ఒక ఊరు. దాని పేరు తాటిగుంటపాలెం. ఆ ఊళ్ళో దయామణి అని పదిహేనేళ్ళ పిల్ల. వాళ్ళ నాయనమ్మ మార్తమ్మ దగ్గర పెరిగింది. పనిలో చురుకు, మాటలో నిదానం. నాగలి లాగే ఎద్దుకు భయపడదు, పామును చూస్తే కర్ర వెతుక్కుంటుంది. కానీ నీళ్ళంటే మాత్రం భయం. కాలవలో మోకాలి లోతు కూడా దిగదు. బిందె ముంచుకోవాలన్నా గట్టు మీద కూర్చుని చెయ్యి చాచి ముంచుకుంటుంది.

ఎందుకంటే, ఎనిమిదేళ్ళప్పుడు గిన్నెలు తోముతూ కాలవలో జారిపడింది. అప్పుడు ఆ దారిన ధాన్యం పడవ ఒకటి పోతోంది. పడవ మీంచి ఎవరో దూకి, పిల్లను జుట్టు పట్టి లాగి గట్టు మీద పడుకోబెట్టారు. పిల్ల దగ్గి, కక్కి, ఏడ్చి కళ్ళు తెరిచేసరికి ఆ మనిషి మళ్ళీ పడవెక్కేశాడు. పడవ మలుపు తిరిగిపోయింది. ఆయన పేరేమిటో, ఏ ఊరో ఎవ్వరూ అడగలేదు.

ఆ తర్వాత దయామణికి అదే దిగులు పట్టుకుంది. నన్ను బతికించిన మనిషికి ఒక్క దండమన్నా పెట్టలేదే అని. "ఇప్పుడు ఎవరికి పెట్టాలి నాయనమ్మా?" అని అడిగింది.

"ఆయన్ని పంపినాయనకి పెట్టు," అంది మార్తమ్మ. "ఆయన పడవెక్కి పోయే రకం కాదు. రోజూ దొరుకుతాడు."

అప్పటినుంచి ఆ పిల్ల రోజూ మోకాళ్ళ మీద కూర్చుని యేసయ్యకు వందనాలు చెప్పుకునేది. ఈ రోజు అన్నం దొరికింది, వందనాలు. ఈ రోజు గేదె ఈనింది, వందనాలు. అలా చెప్పగా చెప్పగా ఆయన ఆ పిల్లకు ఇంట్లో మనిషిలా అయిపోయాడు.

అప్పుడు, పదిహేనో ఏడు వచ్చాక, నేనూ బాప్తిస్మం తీసుకుంటానంది. మన సంఘాల్లో అది పుట్టగానే ఇచ్చేది కాదు చిన్నీ. బుద్ధి తెలిశాక, ఎవరికి వాళ్ళే అడగాలి. కాలవలోకి దిగి, తలతో సహా మునిగి లేవాలి. ఆ తర్వాతే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు.

ఆ ఊళ్ళో పాస్టరుగారు సత్యానందం అయ్యగారు. ముసలాయన, సన్నగా వెదురుబద్దలా ఉండేవారు. దయామణికి అక్షరాలు దిద్దించింది ఆయనే, ప్రార్థన నేర్పింది ఆయనే. ఆ వేసవితో ఆయన పని చాలించి కూతురి ఊరు వెళ్ళిపోతున్నారు. కాలవ కూడా అప్పుడే కట్టేస్తారు. వేసవిలో కాలవకి నీళ్ళు వదలరు కదా, అడుగున బురద తేలుతుంది. అంటే మిగిలింది మూడు ఆదివారాలే. ఆయన చేతుల మీదుగానే తీసుకోవాలని ఆ పిల్ల ఆశ.

మొదటి ఆదివారం పొద్దున్నే నలుగురు పిల్లలు తెల్లబట్టలు కట్టుకుని రేవుకి వచ్చారు. సంఘపెద్ద దావీదు తాత ఒక్కొక్కరినీ అడిగాడు, బాప్తిస్మం ఎందుకు కావాలని. ముగ్గురూ నేర్చుకొచ్చిన జవాబులు తడుముకోకుండా చెప్పారు. దయామణి మాత్రం, "వందనాలు చెప్పుకోడానికండీ," అంది.

"అంతేనా?" అన్నాడు దావీదు తాత.

"అది చాలు దావీదూ," అన్నారు నీళ్ళలో నిలబడ్డ అయ్యగారు.

అప్పుడు ముగ్గురూ దిగారు, మునిగారు, లేచారు. వాళ్ళలో రాహేలు అని దయామణి మేనమామ కూతురు కూడా ఉంది. ఆ తర్వాత దయామణి వంతు వచ్చింది. నీళ్ళంచున ఉన్న మెట్టు దాకా వెళ్ళింది. కాలి వేళ్ళకు నీళ్ళు తగిలాయి. అంతే, వెనక్కి తిరిగి లంగా ఎత్తిపట్టుకుని ఇంటిదాకా పరుగు. చాపకింద దూరిందని కొందరు, గాదె వెనక దాక్కుందని కొందరు చెప్పుకున్నారు.

రెండో ఆదివారం రాహేలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "నేనున్నాగా మరదలా. నా వెంట రా. కళ్ళు మూసుకో, అయిపోతుంది," అంది. దయామణి కళ్ళు మూసుకుంది. ఒక మెట్టు దిగింది, రెండో మెట్టు దిగింది, మోకాళ్ళ దాకా నీళ్ళొచ్చాయి. కళ్ళు మూసుకున్నాక చెవులకు నీళ్ళ చప్పుడు ఇంకా పెద్దగా వినపడింది. అప్పుడు ఒక్క గుంజు గుంజి గట్టెక్కేసింది. ఆ గుంజుడికి రాహేలు పట్టు తప్పి నీళ్ళలో పడి మునిగి లేచింది.

"బాగుంది," అంది రాహేలు జడ పిండుకుంటూ. "ఊళ్ళో రెండు బాప్తిస్మాలు తీసుకున్నదాన్ని నేనొక్కదాన్నే."

అందరూ నవ్వారు. దయామణి కూడా నవ్వబోయింది. కానీ దావీదు తాత నవ్వలేదు. "నీళ్ళే ఆ పిల్లను వద్దంటున్నాయి. మనసులో ఏదో ఉండుంటుంది," అన్నాడు. ఆ మాట ఆ పిల్లకు ముల్లులా దిగింది. నాకు విశ్వాసం లేదేమో, ఇన్నేళ్ళూ చెప్పిన వందనాలన్నీ ఉత్తవేనేమో అనుకుంది. మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

ఆ తర్వాత అయ్యగారే ఇంటికి వచ్చారు. మార్తమ్మ పీట వేసి, మజ్జిగ ఇచ్చి, మెల్లగా అడిగింది. "అయ్యగారూ, బిందెతో నెత్తిన పోస్తే పోలా? పిల్ల బెదిరిపోతోంది."

"పొయ్యొచ్చు మార్తమ్మా. అట్లా పోసే సంఘాలు ఉన్నాయి. వాళ్ళూ ప్రభువు బిడ్డలే. అమ్మాయిని అడుగు," అన్నారాయన.

దయామణి తలుపు చాటునుంచే చెప్పింది. "వద్దండీ. అందరికీ ఎట్లా ఇచ్చారో నాకూ అట్లాగే."

"అయితే ఆదివారం వస్తావా?"

"వస్తానండీ. దిగుతానో లేదో మాత్రం చెప్పలేను."

"రా, చాలు. నేను నీళ్ళలో నిలబడి ఉంటా," అన్నారు అయ్యగారు. మజ్జిగ తాగి వెళ్ళిపోయారు. ఒక్క మాట కోప్పడలేదు.

మూడో ఆదివారం వచ్చింది. అదే ఆఖరిది. మర్నాడు అయ్యగారి ప్రయాణం, ఆ మర్నాడు కాలవ కట్టేయడం. తీసుకునేది ఒక్క దయామణే అయినా సంఘమంతా వచ్చింది. మార్తమ్మకు మోకాళ్ళ నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేదు, అందుకని రేవు పక్కన బట్టలుతికే బండ మీద కూర్చుంది. అయ్యగారు నీళ్ళలోకి దిగి నిలబడ్డారు. దయామణి పై మెట్టు మీద కొయ్యలా నిలబడింది.

అప్పుడు దావీదు తాత ఒక పాట ఎత్తుకున్నాడు. ఏడు చరణాల పాట అది. పిల్లకు ధైర్యం రావాలని అందరూ గొంతెత్తి పాడారు. భక్తితో అందరూ కళ్ళు మూసుకున్నారు. మన సంఘంలో మంచి పాట అందుకుంటే కళ్ళు వాటంతట అవే మూతపడతాయి, నీకు తెలుసుగా.

మూడో చరణం నడుస్తోంది. దయామణి ఇంకా కదల్లేదు. అయ్యగారు నవ్వుతూ చేత్తో చూపించారు, ఇదుగో నడుము లోతే అని. చూపిస్తూ ఒక అడుగు వెనక్కి వేశారు.

ఆ వారంలోనే ఎవరో అక్కడ ఇసుక తవ్వుకుపోయారు. కింద గుంట ఉంది. అయ్యగారు నిలువునా దిగబడిపోయారు. తల కనపడలేదు. తెల్లచొక్కా బుడగలా పైకి పొంగింది. ఒక చెయ్యి లేచింది, మళ్ళీ మునిగింది.

దయామణి అరిచింది. ఆ పాటలో ఆ పిల్ల గొంతు ఎవరికి వినపడుతుంది? రాహేలు కళ్ళు మూసుకుని ఊగుతోంది. దావీదు తాత చప్పట్లు కొడుతూ నాలుగో చరణం అందుకున్నాడు.

అప్పుడు దయామణి మొదటి మెట్టు దిగింది. చీలమండలు తడిశాయి. రెండో మెట్టు దిగింది. మోకాళ్ళు తడిశాయి. మూడో మెట్టు దిగితే నడుము దాకా వచ్చింది. పళ్ళు గిట్టకరుచుకుంది, ఒళ్ళంతా వణుకుతోంది. అక్కడ పడవలు కట్టే గుంజ ఒకటి ఉంది. ఎడమచేత్తో గుంజను కరుచుకుంది. కుడిచెయ్యి చాచి, పైకి లేచిన ఆ ముసలిచేతిని అందుకుంది. అందుకుని లాగింది. నీళ్ళు మెడదాకా వచ్చాయి, నోట్లోకి వచ్చాయి, అయినా వదల్లేదు.

అయ్యగారు గుంటలోంచి ఇవతలికి వచ్చి గుంజ పట్టుకున్నారు. దగ్గారు. గడ్డం మీంచి నీళ్ళు కారుతున్నాయి. ఊపిరి నిలదొక్కుకున్నాక మెల్లగా అన్నారు.

"నాకు ఈత రాదమ్మా."

దయామణి ఆశ్చర్యపోయింది. "మరి ముప్పయ్యేళ్ళుగా ఎట్లా దిగుతున్నారండీ?"

"భయపడుతూనే. ప్రతిసారీ కాళ్ళు వణుకుతాయి. భయం పోయాక దిగుదామని కూర్చుంటే, ఈ ఊళ్ళో ఒక్కరికి కూడా ఇచ్చి ఉండేవాణ్ణి కాదు."

దయామణి తన వంక తాను చూసుకుంది. నడుము లోతు నీళ్ళలో ఉంది. ఎవరూ తోయలేదు, ఎవరూ లాగలేదు. తన కాళ్ళతో తనే వచ్చింది. కాళ్ళు ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

"ఎట్లాగూ తడిశాను కదండీ," అంది. "ఇచ్చెయ్యండి."

అప్పుడు ఆయన ఒక చేత్తో వీపు పట్టుకుని, తండ్రి పేరట, కుమారుడి పేరట, పరిశుద్ధాత్మ పేరట ఆ పిల్లను ముంచి లేపారు. లేచి కళ్ళు తుడుచుకునేసరికి గట్టు మీద ఏడో చరణం ఇంకా సగంలోనే ఉంది.

పాట అయింది. ఆమెన్ అయింది. అందరూ కళ్ళు తెరిచారు. చూస్తే పిల్ల జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి, అయ్యగారి గడ్డంలోంచీ కారుతున్నాయి.

"ఇదెప్పుడు దిగింది?" అన్నాడు దావీదు తాత.

"దిగింది, తీసుకుంది," అన్నారు అయ్యగారు.

"ఎవరు చూశారు? సంఘం కళ్ళారా చూడాలి కదా. రాహేలూ, నువ్వు చూశావా?"

"నాకు కళ్ళు తెరిస్తే చరణాలు గుర్తురావు తాతా," అంది రాహేలు.

"అయితే మళ్ళీ ముంచండి అయ్యగారూ, ఈసారి అందరం చూస్తాం."

"ఒకసారి మునిగిన పిల్లను రెండోసారి ముంచను దావీదూ. అంత సరదాగా ఉంటే నువ్వు దిగు, గుంట ఎక్కడుందో నేను చూపిస్తా."

అప్పుడు బండ మీంచి మార్తమ్మ గొంతు వినపడింది.

"నేను చూశాను. అయ్యగారు మునగడం చూశాను, ఇది దిగడం చూశాను, ఆయన్ని పట్టుకోవడం చూశాను, బాప్తిస్మం తీసుకోవడమూ చూశాను. నా పిల్లని నీళ్ళ దగ్గర నిలబెట్టి నేను కళ్ళు మూసుకుంటానా?"

దావీదు తాత తెల్లబోయాడు. "చూస్తూ ఊరుకున్నావా మార్తమ్మా? ఒక కేక వెయ్యలేకపోయావా?"

"కేక వెయ్యబోయాను. ఇది మొదటి మెట్టు దిగింది. ఇప్పుడు నేను పిలిస్తే ఇది ఆగిపోతుంది, నావైపు తిరుగుతుంది. అందుకని కొంగు నోట్లో కుక్కుకున్నా." మార్తమ్మ కొంగు చూపించింది. పంటిగాట్లు పడి ఉన్నాయి.

అప్పుడు దావీదు తాత తన భుజం మీది తువ్వాలు తీసి, మెట్లు దిగి వచ్చి దయామణి చేతికిచ్చాడు. "తల తుడుచుకో తల్లీ," అన్నాడు. "మొన్న ఒక మాట అన్నాను. అనకుండా ఉండాల్సింది."

ఆ తర్వాత అందరూ చర్చికి వెళ్ళారు. ఆరాధన అయింది, ప్రభువు బల్ల దగ్గరికి రమ్మని పిలిచారు. మార్తమ్మ ఇన్నేళ్ళూ ఒక్కతే లేచి, గోడ పట్టుకుంటూ ముందుకు వెళ్ళేది. ఆ రోజు గోడ పట్టుకోలేదు. దయామణి భుజం పట్టుకుంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని రొట్టె అందుకున్నారు. మార్తమ్మ కన్నీళ్ళతో వందనాలు చెప్పింది. దయామణి మాత్రం ఎన్నేళ్ళనుంచో చెబుతున్న ఆ మాట ఆ రోజు పెదవి దాటి చెప్పలేకపోయింది. చెప్పకపోయినా ఆయనకు చేరిందని ఆ పిల్లకు తెలిసింది.

నీళ్ళ భయం పోయిందా అమ్మమ్మా, అంటావేమో. పోలేదు చిన్నీ. ముసలిదయ్యేదాకా కాలవ దాటాలంటే దయామణి గుండె కొట్టుకునేది. కొట్టుకుంటున్నా దాటేది. నువ్వూ ఒకనాడు పెద్దదానివవుతావు. నాకింకా ధైర్యం రాలేదు, నాకింకా భక్తి చాలదు అనుకుంటావు. అనుకుంటూనే అడుగు వెయ్యి. నేను నిన్ను చంకనెత్తుకుని ఎక్కడికైనా తీసుకెళ్ళగలను కానీ, ప్రభువు దగ్గరికి మాత్రం ఎవరి కాళ్ళతో వాళ్ళే వెళ్ళాలి. నేను గట్టు మీద కూర్చుని చూస్తుంటా. కళ్ళు మూసుకోను.

అమ్మాయ్ విమలా, నీ కూతురికి కునుకొస్తోంది, నువ్వింకా మెలకువగానే ఉన్నావా? రేపు మీ సౌభాగ్యం పెద్దమ్మను ఒకసారి అడుగు. ఆవిడ పుట్టిల్లు ఆ ఊరే. అయ్యగారి పేరు సత్యానందమా, నిత్యానందమా అని. సంఘపెద్ద దావీదేనా, దానియేలా అని కూడా అడుగు. పేరు తప్పు చెప్పి పిల్లకు అప్పజెప్పకూడదు. వాళ్ళందరికీ మనం వందనాలు చెప్పుకోవాలి కదా.

కాలవ నీళ్ళు కడలికి,
కథ నడిచింది కంచికి,
కునుకొచ్చింది కంటికి,
మనమూ పోదాం ఇంటికి.