మగ్గం ఆపిన ఇల్లు

అనగనగా ఒక నేతగాళ్ళ ఊరు. ఆ ఊళ్ళో భావన్నారాయణ, నాంచారి అని మొగుడూ పెళ్ళాం ఉండేవాళ్ళు. వాళ్ళకి తాయారని ఒక్కతే కూతురు. నాలుగేళ్ళొచ్చినా నోటంట ఒక్క మాట లేదు. నీలాంటి వసపిట్ట కాదమ్మా అది.

ఆకలేస్తే నోటి దగ్గర చెయ్యి పెట్టేది. దాహమేస్తే బొటనవేలు చూపించేది. నాంచారి చప్పున అందించేది. ఊళ్ళోవాళ్ళు మూగపిల్ల అనేవాళ్ళు, తోటి పిల్లలు ఆటకి రానిచ్చేవాళ్ళు కాదు. రేపు బడిలో వేస్తే ఎలా నెగ్గుకొస్తుందో అని నాంచారికి ఒకటే దిగులు.

ముందు వసకొమ్ము అరగదీసి నాలిక మీద రాసింది. మాట రాలేదు. ఆ తర్వాత గుళ్ళో గంట కడతానని మొక్కుకుంది. అయినా రాలేదు. అప్పుడు అంగన్‌వాడీకి తీసుకెళ్ళి సువార్త టీచరు చేతుల్లో పెట్టింది.

టీచరు తొందరపడలేదు. కుక్కరు కూత వేస్తే తాయారు గబుక్కున తిరిగి చూడటం గమనించింది. పెద్దాసుపత్రిలో చూపిస్తే అక్కడా చెవులు బాగానే ఉన్నాయన్నారు. అప్పుడు ఓ పొద్దున టీచరే వాళ్ళింటికి వచ్చింది.

ఇల్లంతా మగ్గం టకటక. రాట్నం దగ్గరున్న నాంచారి చేత్తోనే రమ్మంది, చేత్తోనే కూచోమంది. మొగుడికి నూలు కండె కావాల్సొస్తే అతనూ వేలెత్తి చూపించాడు. ఆ రొదలో మాట వినబడదని, పెళ్ళైన నాటి నుంచీ వాళ్ళకి అదే అలవాటు.

టీచరు మగ్గం ఆగేదాకా కూచుంది. ఆ తర్వాత మెల్లిగా చెప్పింది. "పిల్ల మీ దగ్గర నేర్చుకున్నదే చేస్తోందమ్మా. అన్నం తినేటప్పుడన్నా మగ్గం ఆపండి. అది సైగ చేస్తే ఆ మాట మీరు పైకి అని, అప్పుడు ఇవ్వండి. ఈ వయసులో అయితే తొందరగా అందుకుంటది."

"మగ్గం ఆపితే పొయ్యెట్టా వెలుగుద్ది టీచరమ్మా?" అన్నాడు భావన్నారాయణ. అన్నాడే గానీ మర్నాడే ఆపాడు.

పిల్లతో ఏం మాట్లాడాలో పాపం అతనికి తెలీలేదు. నూలు రంగులు చెప్పాడు. ఎరుపు, పసుపు, వంగపండు. నాంచారి "నీళ్ళు కావాలా తల్లీ, నీళ్ళు" అంటూ గ్లాసు అందించేది. తాయారు వినేది, పెదాలు కదిపేది, అంతే. నాంచారికి ఏడుపొచ్చేది, అయినా మానలేదు. అంగన్‌వాడీలో టీచరు కూడా దాన్ని పిల్లల మధ్యనే కూచోబెట్టి ఆడించేది.

అలా ఉండగా ఓ రోజు అక్కడికి కొత్త పిల్లాడొచ్చాడు. ఒకటే ఏడుపు. తాయారు వెళ్ళి పక్కన కూచుని చెయ్యూపింది. వాడికి సైగలేం తెలుసు? ఇంకా గట్టిగా ఏడ్చాడు.

అప్పుడు తాయారు నోరు విప్పింది. "ఏడవమాక. మీ అమ్మ వచ్చుద్ది."

కాస్త బొంగురు గొంతు. కూతుర్ని తీసుకెళ్దామని వచ్చిన నాంచారి గుమ్మంలోనే ఆగిపోయింది. సంతోషంతో కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు.

తాయారు చూసింది. లేచొచ్చి వాళ్ళమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుంది.

"అమ్మా, నువ్వు కూడా ఏడవమాక" అంది.

కథ నడిచింది కంచికి,
నువ్వు ఒరుగు నా పక్కకి,
ఊఁ కొట్టిన బుజ్జికి
ముద్దొకటి బుగ్గకి.