కూర్మారావు ఆనుకున్న తలుపు

గురుపౌర్ణమి నాడు ఆశ్రమంలో అందరూ భోజనాలకి కాళ్లూ చేతులూ కడుక్కుంటుంటే, కూర్మారావు మాత్రం వంటింట్లో ఓ అలమర తలుపుకి వీపు ఆనించి నిలబడిపోయాడు.

ఆకలి దంచేస్తోంది. పులిహోర పోపు వాసన ముక్కుపుటాలు అదరగొడుతోంది. అయినా కదలడానికి లేదు. కదిలాడా, వెనకాల తలుపు కిర్రుమని తెరుచుకుంటుంది. తెరుచుకుందా, ఇన్నాళ్లూ చెక్కా చెక్కా పేర్చి కట్టుకున్న పరువు వంటింటి గచ్చు మీద పడుతుంది.

సంగతేమిటంటే, ఆ ఆశ్రమం నాగావళి ఒడ్డున ఓ చిన్న పెంకుటిల్లు. ముందు చావడి, వెనక వంటిల్లు, అంతే. ఊరంతా పెద్దస్వామి అని పిలుచుకునే ముసలాయన అక్కడ ఉంటారు. ఆయనకి మాట తక్కువ, నవ్వు ఎక్కువ. కూర్మారావు ఆయన శిష్యుడు. జూట్‌మిల్లులో సూపర్‌వైజరు చేసి రిటైరైన మనిషి. ఎవరు ఏ పని చేస్తున్నా పక్కన నిలబడి "అలా కాదయ్యా" అనకపోతే ఆయనకి పూట గడవదు.

ఆ వేసవిలో వంటింటి పాత అలమరలకి చెదలు పట్టింది. ఓ పొద్దున్న పై అర ఊడి, చింతపండు కుండ కిందపడి ముక్కలైంది. వంట చేసే అప్పలనరసమ్మ పెట్టిన కేకకి, చావడిలో ధ్యానంలో ఉన్నవాళ్లంతా ఒక్కసారే కళ్లు తెరిచారు.

వడ్రంగి బంగారయ్యని పిలిపించారు. అతను గోడంతా తట్టి చూసి, "మొత్తం పీకేసి కొత్తవి కట్టాలండి. నా కాడ బాగా ఆరిన చెక్కుంది. కానీ సేతినిండా పనులు. గురుపౌర్ణమి ఎల్లాక మొదలెడతాను" అన్నాడు.

"వెళ్లాక ఎందుకూ? పౌర్ణమికే తయారుగా ఉంటాయి. నేను కడతాను" అన్నాడు కూర్మారావు.

బంగారయ్య ఆయన మెత్తటి చేతులకేసి ఓసారి చూశాడు. "తమరా బాబూ? ఈ పని ఎక్కడ నేర్సినారేటి?"

"ఫోన్లో లేనిదేముందోయ్! చూడ్డం, చెయ్యడం."

పెద్దస్వామి నవ్వారు. "మంచిదే. నాకు తోడు ఇంకో గురువు దొరికాడన్నమాట."

ఎవరూ నమ్మలేదు గానీ, కూర్మారావు చేశాడండీ! ఎవరో పాత మేడ విప్పితే వచ్చిన టేకు పలకలు ఆశ్రమానికి ఇచ్చారు. వాటిని రంపంతో కోశాడు, చిత్రిక పట్టాడు. ఫోను పోపులపెట్టెకి చేరేసి, అందులో కుర్రాడు చెప్పేది వింటూ బందులు బిగించాడు. సుత్తి దెబ్బకి బొటనవేలు నల్లబడితే, ఆ వేలు జేబులో దాచుకుని తిరిగాడు. ఒక్కో తలుపూ నిలబడుతుంటే ఆయన ఛాతీ ఓ అంగుళం పెరిగింది. పెరగదూ మరి! అరవయ్యేళ్లుగా కలం తప్ప పట్టని చేతులవి.

ఇక ఆశ్రమం గుమ్మం తొక్కినవాడిని తొక్కినట్టు వంటింట్లోకి లాక్కుపోవడమే. పాలవాడు, పోస్టుమేన్, దారితప్పి వచ్చిన యాత్రికుడు, ఎవరైనా సరే.

"తెరిచి చూడండి" అనేవాడు. తెరిచేవారు. "చప్పుడొచ్చిందా? రాదు. ఇప్పుడు మూయండి. ఒక్క వేలితో. చూశారా! వడ్రంగి కాదు, మనమే."

అంతా బాగానే ఉంది, చివరి తలుపు దాకా. దానికి టేకు చాలలేదు. బంగారయ్యని అడిగితే ఆరిన పలక ఒకటి కాదనకుండా ఇచ్చేవాడే. ఆ అడగడం దగ్గరే వచ్చింది చిక్కు. అడిగితే "మనమే" అన్న మాట ఏం కావాలి? కొత్తగా కొట్టిన పచ్చి వేపచెక్క దొరికితే దాంతోనే తలుపు బిగించి, మిగతావాటితో కలిసిపోయేలా రంగేశాడు. చూస్తే తేడా తెలీదు.

ఆషాఢం ముసురు పట్టింది. చెక్క మెల్లిగా మెలి తిరిగింది. కింది మూల లేచింది, గడియ దాని కన్నానికి అందనంది. కూర్మారావు అట్టముక్క మడిచి దూర్చాడు. అది జారిపోతే కొబ్బరిపీచు కుక్కాడు. అది కాస్త నిలిచింది. తలుపు బాగానే ఉందనుకుని అప్పలనరసమ్మ కొత్తావకాయ జాడీ ఆ అలమరలోనే పెట్టింది. ఆ పీచు సరిగ్గా పౌర్ణమి పొద్దున్న, జనం వంటిల్లు చూద్దామని వచ్చే వేళకి చేతులెత్తేసింది.

అందుకని వీపు ఆనించాడు. ఆనించినవాడు ఆనించినట్టే ఉన్నాడు.

వచ్చినవాళ్లలో బంగారయ్య కూడా ఉన్నాడు. మిగిలిన తలుపులన్నీ ఒక్కొక్కటే తెరిచి, మూసి, బందులు తడిమి చూశాడు. "బాగా సేసినారు బాబూ. నాను అనుకోనేదు" అన్నాడు. కూర్మారావు ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన మాట అది. అది చెవిన పడుతుంటే మొహం వెలిగింది, వీపు చెమట పట్టింది.

"అది కూడా ఓపాలి సూడనిస్తారేటి?"

"ఇదీ అంతేనయ్యా. అన్నీ ఒకటే."

బంగారయ్య తలూపి వెళ్లి పంక్తిలో కూర్చున్నాడు. ఇంతలో అప్పలనరసమ్మ గరిటె పుచ్చుకుని వచ్చింది.

"ఏటి బాబూ, గోడకి బల్లిలాగ అలా అతుక్కుపోనారు? జరగండి, ఆవకాయ జాడీ తియ్యాల."

"ఇవాళ ఆవకాయ ఎందుకమ్మా? పులిహోర ఉందిగా."

"బాగుందండి! కొత్తావకాయ ఎయ్యకపోతే జనం పులిహోర ఒగ్గేసి నన్ను నమిలేస్తారు."

"తరవాత తీస్తాలే. నువ్వు ముందు అన్నం వడ్డించు."

ఆవిడ ఆయన్ని కిందికీ మీదికీ చూసి, గొణుక్కుంటూ అన్నం గంప ఎత్తుకుని పోయింది. ఆవిడ అటు వెళ్లగానే పెద్దస్వామి వచ్చారు.

"ఆకులు వేశారు. నువ్వు రాలేదేం నాయనా?"

"మీరు కూర్చోండి స్వామీ. నాకంత ఆకలిగా లేదు."

ఆ మాటకి ఒప్పుకోనట్టు ఆయన కడుపు గట్టిగా గురగురమంది.

పెద్దస్వామి శిష్యుడి మొహం చూశారు. తలుపు కింది మూల చూశారు. అక్కడ కొబ్బరిపీచు పిల్లి మీసంలా బయటికి పొడుచుకొచ్చి ఉంది. మెల్లిగా వచ్చి, శిష్యుడి పక్కన తన బక్క వీపు తలుపుకి ఆనించారు.

"నువ్వెళ్లి తినిరా. నేను ఆనుకుంటాను."

"స్వామీ, మీరెందుకు..."

"వెళ్లు. అన్నం చల్లారిపోతోంది."

గురువు పొమ్మన్నాక ఉండలేడు కదా. కూర్మారావు వెళ్లి తన ఆకు ముందు కూర్చున్నాడు. వంటింటి గుమ్మంలోంచి స్వామి కనిపిస్తూనే ఉన్నారు. చేతులు కట్టుకుని, కళ్లు సగం మూసుకుని, ఏ తొందరా లేనట్టు తలుపుకి ఆనుకుని నిలబడి ఉన్నారు.

ఆ ఆశ్రమంలో ఓ పద్ధతుంది. పెద్దస్వామి తన పీట మీద కూర్చుంటే గాని ఎవరూ మొదటి ముద్ద కలపరు.

అన్నం పొగలు తగ్గాయి. పప్పు మీద నెయ్యి పేరుకుంది. ముసలమ్మ ఒకావిడ చెయ్యి ఆకు దాకా తీసుకెళ్లి మళ్లీ వెనక్కి తీసుకుంది. చంటిపిల్ల ఒకర్తి రాగం మొదలెట్టింది. ఎవరో మెల్లిగా అడిగారు, "స్వామి అక్కడ ఏం చేస్తున్నారూ?"

"జపం గావాల" అన్నాడు బంగారయ్య.

ఆ మాట కూర్మారావుకి ఆవపోపులా నషాళానికి అంటింది. ఆకు కేసి చూశాడు. పంక్తి కేసి చూశాడు. అందరి చేతులూ ఒళ్లో ఉన్నాయి. లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్లాడు.

"స్వామీ, మీరు వచ్చెయ్యండి."

"వస్తే?"

"తెరుచుకుంటుంది."

"ఏది?"

కూర్మారావు పంక్తి వైపు తిరిగి, చివర కూర్చున్నవాడికి కూడా వినపడేలా చెప్పాడు. "ఆ తలుపు మూసుకోదండీ. పచ్చిచెక్క. బంగారయ్యని అడిగి ఉంటే ఆరింది ఇచ్చేవాడు. నేను అడగలేదు."

పెద్దస్వామి పక్కకి జరిగారు. తలుపు కిర్ర్‌ర్ మంటూ, వచ్చినవాళ్లని రమ్మన్నట్టు, బార్లా తెరుచుకుంది. లోపల్నుంచి అట్టముక్కలు, పీచు ఉండలు గచ్చు మీదికి రాలాయి.

స్వామి లోపలికి తొంగి చూసి, "ఇదిగో అమ్మా, ఆవకాయ" అని జాడీ అప్పలనరసమ్మ చేతికిచ్చి, వెళ్లి పీట మీద కూర్చున్నారు.

ముందు నవ్వింది బంగారయ్యే. తొడ కొట్టుకుని మరీ నవ్వాడు. "మా ఇంటికి రండి బాబూ, సూపిస్తాను. నా సేత్తో సేసిన బీరువాయే! తలుపుకి ఇటిక అడ్డెట్టుకుంటాం. మా ఆడది పొద్దున్నే దండకం మొదలెడతాది." పంక్తంతా ఘొల్లుమంది. అప్పలనరసమ్మ నవ్వుతూనే కూర్మారావు ఆకులో అందరికన్నా పెద్ద ముక్క వేసింది.

చేతులు కడుక్కునేటప్పుడు బంగారయ్య అన్నాడు, "రేపొచ్చి ఆ తలుపు మార్చేత్తాను. నా కాడ పలకుంది."

కూర్మారావు గురువుగారి వైపు చూశాడు.

"ఉండనీ" అన్నారు పెద్దస్వామి. "మిగతావి చూసి ఎవరో వడ్రంగి చేశాడనుకుంటారు. మన కూర్మారావు చేశాడని దీన్ని చూస్తేనే తెలుస్తుంది."

ఇప్పటికీ ఆశ్రమానికి ఎవరొచ్చినా కూర్మారావు చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళతాడు. ఆ చివరి మూల నుంచే మొదలుపెడతాడు. అక్కడ "తెరిచి చూడండి" అనాల్సిన పని ఉండదు.