ఒడ్డున మిగిలిన లంగరు

భీమిలిలో తెరచాప పడవలు నడపడం నేర్పే వైకుంఠరావు మాస్టారి నోటినుంచి ఒక మాట రావడానికి రెండు పున్నములు పట్టేది. శిష్యుడు అప్పలకొండ ప్రశ్న అడిగినప్పుడైతే ఆయన తల కూడా ఎత్తలేదు.

"ఇల్లూ, పందెమూ రెండూ మొయ్యలేకపోతున్నాను మాస్టారూ. పెద్ద పందెం గెలిచేదాకా రోహిణినీ, చంటిదాన్నీ టెక్కలిలో వాళ్ళ పుట్టింటికి పంపేద్దామనుకుంటున్నాను. ఆదివారం సాయంత్రం బస్సుకి. తప్పంటారా?"

"ఆదివారం పందేనికి పడవ నువ్వే సర్దు," అన్నారాయన.

మాస్టారి ఫైబర్ పడవ వయసులో సముద్రం కంటే కాస్త చిన్నది, అంతే. దూరప్రయాణాలకని లోపల పడకలు, పొయ్యి, మంచినీళ్ళ పీపా ఉండేవి. అయినా పందేల్లో కుర్ర పడవల్ని ఏడిపించి వదిలేది. పందేనికి ముందు బరువు దించడం అక్కడి వాడుకే. అప్పలకొండ పరుపులు దించాడు, పొయ్యి దించాడు, పీపా దించాడు. చివరికి, ఏనుగంత బరువుందని లంగరును కూడా ఇసకలో పడేశాడు. మాస్టారు దాన్ని చూశారు. దాటుకుని వచ్చి పడవెక్కారు.

పడవ పరిగెత్తిన పరుగుకి చేపలు పక్కకి తప్పుకున్నాయి. ముగింపు దగ్గర తేలే ఎర్ర డ్రమ్ము మీది తుప్పు కనిపించేంత దగ్గరికి వచ్చాక, గాలి పడిపోయింది. తెరచాప తడిచీరలా వేలాడింది. కింద నీరు మాత్రం వెనక్కి లాగుతూనే ఉంది.

వెనకున్న పడవలవాళ్ళు చప్పుడు చెయ్యకుండా లంగర్లు జారవిడిచి, ఉన్నచోట నిలబడ్డారు. అప్పలకొండ చెయ్యి కూడా అలవాటుగా లంగరు కోసం వెళ్ళింది. అక్కడ చుట్టిన తాడు మాత్రమే ఉంది.

అందరినీ దాటి ముందుకొచ్చిన పడవ, అందరినీ దాటుకుంటూ వెనక్కి పోయింది. లంగరు వేసుకుని తీరిగ్గా పులిహోర తింటున్న ఒకాయన, "ఏటి తమ్ముడూ, అప్పుడే ఇంటికా?" అన్నాడు. పొద్దున అప్పలకొండ బయల్దేరేటప్పుడు రోహిణి చంటిదాని గౌన్లు సంచిలో సర్దుతూ ఉంది. ఎర్ర డ్రమ్ము ఆవగింజంతయ్యేదాకా అతనికి ఆ సంచే కనిపించింది.

గాలి మళ్ళీ లేచి వీళ్ళు ఒడ్డుకి చేరేసరికి, గెలిచినవాళ్ళు స్నానాలు చేసి, భోంచేసి, ఒక కునుకు కూడా తీశారు. అప్పలకొండ ఇసకలో లంగరు పక్కన కూలబడ్డాడు. చాలాసేపటికి లేచి, దాన్ని రెండు చేతులా ఎత్తి పడవలో పెట్టాడు.

మాస్టారు తడిసిన లుంగీ అంచు పిండుకుంటూ అడిగారు.

"టెక్కలి బస్సు ఎన్నింటికన్నావు?"