హంపన్న వదిలిపోయిన బండి

వన్నూరప్ప బండికి అన్నీ ఉన్నాయి, ఇంజన్ తప్ప.

పేరుకి ఒకటి ఉంది. బ్లాకు పగిలి, లోపల పిస్టన్లు పట్టేసి, తుక్కువాడు కూడా మొహం తిప్పుకునేలా ఉంది. మిగతా బండిని మాత్రం అతను చూడముచ్చటగా నిలబెట్టాడు. గుంతకల్లులో మూతబడిన మిల్లు గోడ పక్కన తుప్పు పట్టి పడున్న పాత పికప్ జీపు అది. తూకం లెక్కన కొన్నాడు. తుక్కులో దొరికిన బస్సు సీటు కోసి ముందు సీటు చేశాడు. ట్రాక్టరు దీపాలు బిగించాడు. వెనక తొట్టికి నూనె డ్రమ్ముల రేకులు సాపు చేసి కొట్టాడు. ఎక్కడో పెద్ద టైర్లు చవగ్గా వస్తే, వాటికోసం బండినే జానెడు పైకి లేపాడు. నీలం రంగు తానే వేశాడు.

బండి బాగుందని షెడ్డుకొచ్చిన ప్రతివాడూ అన్నాడు. అననివాడిచేత వన్నూరప్పే అనిపించేవాడు.

షెడ్డు దాదాపీర్ ఉస్తాద్‌ది. వన్నూరప్ప పానా పట్టుకోవడం దగ్గర్నుంచి అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. ఉస్తాద్ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఇంజన్‌కు చెవి ఒగ్గి వింటాడు, మనుషులు మాట్లాడినా అలాగే వింటాడు.

షెడ్డు వెనక మూల టార్పాలిన్ కింద ఇంకో పికప్ ఉండేది. అదీ ఆ కాలందే, ఆ రకమే. హంపన్న అనే రైతుది. వరసగా పంటలు పోయి, బెంగళూరులో వాచ్‌మన్ పనికి పోతూ హంపన్న దాన్ని అక్కడ వదిలాడు. "మళ్ళా వస్తా ఉస్తాద్. అందాక పట్టేయకుండా చూడు" అన్నాడు. ఉస్తాద్ సరేనన్నాడు. ఏళ్ళు గడిచినా మనిషి రాలేదు, కబురూ లేదు.

నడవకుండా పడున్న ఇంజన్‌ను అప్పుడప్పుడూ కదిలించకపోతే లోపల తుప్పు చేరి పట్టేస్తుంది. అందుకని ప్రతి శుక్రవారం నమాజు నుంచి వచ్చాక ఉస్తాద్ టార్పాలిన్ తీసి, బండి ముందు రంధ్రంలో ఇనుప హ్యాండిల్ దూర్చి, చేత్తో కొన్ని చుట్లు తిప్పేవాడు. మళ్ళీ కప్పేసి టీ తాగేవాడు.

ఒకరోజు వన్నూరప్ప ఉండబట్టలేక అడిగేశాడు.

"ఉస్తాద్, హంపన్న ఇంక రాడు. ఆ ఇంజన్ నాకిస్తే నా బండి రోడ్డెక్కుతాది."

"బండి నాది కాదప్పా."

"నీది కానప్పుడు వారం వారం ఎందుకు తిప్పేది మరి?"

"మాట నాదే గదా" అన్నాడు ఉస్తాద్.

వన్నూరప్పకు ఒళ్ళు మండింది. రాని మనిషికిచ్చిన మాటకోసం కళ్ళముందున్న మనిషి కష్టాన్ని తుప్పు పట్టిస్తాడా అనుకున్నాడు.

ఉస్తాద్ దర్గా ఉరుసుకని కడప పోయినప్పుడు పని జరిగిపోయింది. పట్టపగలే, షెడ్డు తలుపు దగ్గరగా వేసుకుని, వన్నూరప్ప చైన్ పుల్లీ కట్టి హంపన్న బండి ఇంజన్ దించి తన బండిలో ఎక్కించాడు. రకం ఒకటే అయినా తన బండిని పైకి లేపి ఉండడంతో, సరిపోవడానికి ఇంజన్‌ను పట్టి ఉంచే కాళ్ళు గ్యాస్‌తో కోసి మార్చాడు. బానెట్ ఎత్తితే ఖాళీగా కనబడకూడదని తన పగిలిన ఇంజన్‌ను ఆ బండిలో కూర్చోబెట్టాడు. ఇందులో తప్పేముంది? మూలన పడుంటే అది చచ్చినట్టే, నా దగ్గరుంటే బతికుంటుంది. అలా తనకు తాను చెప్పుకున్నాడు. చెప్పుకోవడానికి చాలాసేపే పట్టింది.

ఉస్తాద్ తిరిగొచ్చాక మొదటి శుక్రవారం. టార్పాలిన్ తీశాడు. హ్యాండిల్ దూర్చి తిప్పబోయాడు. కదల్లేదు. ఇంకోసారి బలంగా నొక్కాడు. కదల్లేదు.

పక్కన నట్లు కడుగుతున్న వన్నూరప్ప చేతులు కిరసనాయిల్లోనే ఆగిపోయాయి.

ఉస్తాద్ హ్యాండిల్ బయటికి తీసి గుడ్డతో తుడిచాడు. బానెట్ ఎత్తి చూడలేదు. టార్పాలిన్ కప్పి, చెక్కబల్ల మీద కూర్చుని టీ తాగాడు. "నీ బండి రోడ్డెక్కిందంట గదా. మంచిదప్పా" అన్నాడు.

ఆ పై శుక్రవారం కూడా వెళ్ళాడు. తిరగని ఇంజన్ మీద ముసలి ఒంటి బరువంతా వేసి నిలబడ్డాడు. ఆ పై శుక్రవారమూ అంతే.

ముసలాయనకు తెలియలేదని వన్నూరప్ప మొదట సంబరపడ్డాడు. ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. చేతి స్పర్శతో బేరింగు అరుగుదల చెప్పే మనిషికి తెలియకపోవడమేమిటి? తిడతాడని ఎదురుచూశాడు. జవాబు కూడా సిద్ధం చేసుకున్నాడు. అడగనివాడికి ఏం జవాబు చెబుతాడు? శుక్రవారం వస్తే లేని పనులు కల్పించుకుని బండేసుకుని బయటికి పోవడం మొదలుపెట్టాడు. ఒకసారి మాత్రం ధైర్యం చేసి ఉస్తాద్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏమప్పా?"

"ఏం లేదు ఉస్తాద్. టీ చెప్పమంటావా?"

"చెప్పు" అన్నాడు ఉస్తాద్, చాలాసేపు అతన్నే చూసి.

ఆ వానాకాలం చివర్లో హంపన్న వచ్చాడు.

అప్పుడే బస్టాండు వైపు పోయి తిరిగొచ్చిన వన్నూరప్ప బండిని పక్క సందులో ఆపి లోపలికి అడుగుపెట్టాడు. చిక్కి సగమైన మనిషొకడు ఉస్తాద్ చేయి పట్టుకుని మాట్లాడుతున్నాడు.

"కూర్చునేదానికి లేదు ఉస్తాద్. బెంగుళూరు వదిలేసినా. రెండెకరాలు కౌలుకు పట్టి ఉల్లిగడ్డ వేసినా. పంట చేతికొచ్చినాకే నీ మొగం చూద్దామని ఆగినా. పెరికి చేలో పరిచినాం, మబ్బు చూస్తే ఇట్లుంది. బాడుగకు ఒక్క బండి దొరకలే. నాకే బండి ఉంది గదా, ఊరంతా తిరిగేదెందుకు అనుకున్నా."

నవ్వాడు. తర్వాత కొంచెం సిగ్గుపడుతూ అన్నాడు.

"బస్టాండు కాడ దిగుతానే ఒక నీలం బండి పోయింది. కండ్లు మూసుకుంటే నా బండే. అదే శబ్దం. అట్లనే నిలబడిపోయినా. ఆశ పెట్టుకుంటే అన్నీ మనవే అనిపిస్తాయి ఉస్తాద్. పట్టేయలేదు గదా? నడుస్తాదా?"

ఉస్తాద్ వన్నూరప్ప వైపు తిరిగాడు.

"వన్నూరప్ప చెప్తాడు."

ఆ గొంతులో కోపం ఉండి ఉంటే వన్నూరప్పకు ఎంతో తేలికయ్యేది. లేదు.

"నడవదన్నా" అన్నాడు. "నీ ఇంజన్ నేను తీసుకున్నా. బస్టాండు కాడ నువ్వు విన్నది నీ బండే."

హంపన్న ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. వెనక మూలకు పోయి టార్పాలిన్ తానే తొలగించి బానెట్ ఎత్తాడు. పగిలిన ఇంజన్ కేసి కాసేపు చూసి, చప్పుడు కాకుండా బానెట్ దించాడు.

"మళ్ళా దీంట్లో పెట్టల్లంటే?"

"వారం పడతాదన్నా. కాళ్ళు కోసేసినా."

"వాన వారం ఆగదు నాయనా."

వన్నూరప్ప జేబులోంచి తాళం తీసి అతని చేతిలో పెట్టాడు. "బండే తీసుకపో అన్నా. వాడుకొని ఇచ్చేదానికి కాదు. నీదే."

ముగ్గురూ సందులోకి వచ్చారు. హంపన్న నీలం బండి చుట్టూ తిరిగాడు. తొట్టి రేకులు నిమిరాడు. "బాగా చేసుకున్నావు" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. "నీ కష్టం కూడా ఉంది గదప్పా దీంట్లో. నేనెట్ల తీసుకపోయేది?"

ఉస్తాదే ముందుకొచ్చి డ్రైవరు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

హంపన్న ఎక్కబోయాడు. బెంగళూరులో గేటు దగ్గర నిలబడీ నిలబడీ పాడైన మోకాలు అంత ఎత్తుకు లేవలేదు. రెండోసారి ప్రయత్నించి ఆగిపోయాడు.

"ఇంత పైకి ఎందుకు లేపినావప్పా?"

పెద్ద టైర్లతో చూడ్డానికి బాగుంటుందని లేపాడు. వన్నూరప్ప నేల మీద మోకరిల్లి రెండు అరచేతులూ కలిపి పట్టాడు. హంపన్న మొహమాటంగా చెప్పు విడిచి, ఆ చేతుల్లో కాలు పెట్టి పైకెక్కాడు.

ఇంజన్ స్టార్టయింది. హంపన్న కదిలించకుండా కాసేపు అలాగే కూర్చుని విన్నాడు. "శబ్దం చెడకుండా పెట్టినావు ఉస్తాద్" అని, బళ్ళారి రోడ్డు వైపు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

శబ్దం వినబడినంతసేపూ ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. బండి పోయిందన్న బాధ వస్తుందేమోనని వన్నూరప్ప చూసుకున్నాడు. రాలేదు. వచ్చింది వేరే బాధ, దానికి మందు కూడా ఎక్కడా దొరికేట్టు లేదు.

"ఉస్తాద్, మొదటి శుక్రవారమే నీకు తెలిసిపోయింది గదా" అన్నాడు. "నన్ను ఒక్క మాట ఎందుకు అడగలేదు?"

ఉస్తాద్ భుజం మీది గుడ్డ తీసి, వన్నూరప్ప అరచేతులకంటిన మట్టి తుడిచాడు.

"ఇద్దరి కోసం ఎదురుచూస్తా ఉంటినప్పా" అన్నాడు. "ఆయన ముందొచ్చినాడు."