తొంభై ఎనిమిది మార్కుల చెయ్యి

ఫణీంద్రకి వచ్చిన కష్టమల్లా మార్కులు బాగా రావడమే.

వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ అదే నిజం. పార్వతీపురం దగ్గర ఒక కంటి ఆస్పత్రికి ఆపరేషన్లు నేర్చుకోవడానికి వచ్చాడు. కంటి డాక్టరు చదువు పూర్తయినవాడే. కాకపోతే అక్కడ ఒక పద్ధతుంది. ఎంత చదివొచ్చినా సరే, ముందు మిషన్ మీద చెయ్యి తిరగాలి. ఆ తర్వాతే మనిషి కన్ను.

ఆ మిషన్ భలేగా ఉంటుంది లెండి. బల్ల మీద ఒక ప్లాస్టిక్ తలకాయ, దాని పైన మైక్రోస్కోపు, కింద కాళ్ళకి రెండు పెడల్స్. అందులోంచి చూస్తే అచ్చం శుక్లం పట్టిన కన్నే కనిపిస్తుంది. శుక్లం చుట్టూ ఉల్లిపొర కన్నా పల్చటి సంచి ఒకటి ఉంటుంది. దాని ముందువైపు గుండ్రంగా కన్నం చెయ్యాలి. అసలు కష్టమంతా అక్కడే. చెయ్యి కాస్త అటూ ఇటూ అయిందంటే చీలిక అంచుకి పారిపోతుంది, తెరంతా ఎర్రబడిపోతుంది.

ఎర్రబడగానే ఫణీంద్ర 'ప్చ్' అని బటన్ నొక్కేవాడు. కొత్త కన్ను వచ్చేది. అదీ పాడైతే మళ్ళీ 'ప్చ్', మళ్ళీ బటన్. బాగా కుదిరినదాన్ని చివరిదాకా చేసేవాడు. పూర్తి చేసినదానికే మార్కులు మరి. తొంభై ఆరు, తొంభై ఏడు, తొంభై ఎనిమిది. మిషన్ చూసుకునే సన్యాసిరావు ఆ అంకెల్ని స్కెచ్ పెన్నుతో రాసి గోడకి అంటించేవాడు, తన కొడుక్కే వచ్చినంత సంబరంగా.

అతనితోపాటు నేర్చుకుంటున్న షబానాకి ఎనభై దాటితే గొప్ప. ఆవిడ చీలిక పారిపోయినా వదిలేది కాదు. అరగంటసేపు దాంతోనే కుస్తీ పట్టేది. ఫణీంద్ర వెనక నిలబడి, ఆ చిరిగిన సంచికి కుట్టు మిషన్ తెప్పించమంటావా అని ఏడిపించేవాడు. ఆవిడ నవ్వేది, కానీ కళ్ళు మైక్రోస్కోపులోంచి తీసేది కాదు.

అలాంటి షబానాకి మంగళవారం నాడు మనిషి కన్ను ఇచ్చారు.

ఇచ్చింది భాగీరథి మేడం. ముప్పై ఏళ్ళుగా అక్కడ ఆపరేషన్లు చేస్తున్న మనిషి. ఆవిడ గదికీ మిషన్ గదికీ మధ్య ఉన్నది ప్లైవుడ్ గోడే, ఇటు చప్పుడు అటు వినపడుతుంది. తక్కువ మాట్లాడతారు. ఆవిడ తలూపితేనే ఎవరికైనా థియేటర్. నెలాఖరుకి బ్యాచ్ అయిపోతోంది. అప్పటిలోగా ఆ తల ఊగకపోతే ఇంకో మూడు నెలలు ఆ ప్లాస్టిక్ తలకాయ ముందే కూర్చోవాలి. ఫణీంద్రకి రెండు రోజులుగా అన్నం సహించడం లేదు.

గురువారం ఉండబట్టలేక ఆవిడ గదిలోకి వెళ్ళాడు. తన మార్కులు చెప్పాడు. షబానా మార్కులూ చెప్పాడు, చెప్పకూడదనుకుంటూనే. మూడు వారాలుగా తొంభై అయిదుకి తగ్గలేదన్నాడు. ఆఖరికి,

"ఇంకా నాకేం రావాలి మేడం?" అన్నాడు.

ఆవిడ రాసుకుంటున్న కేస్ షీటు మూసి పక్కన పెట్టారు.

"రేపు పొద్దున్న ఏడింటికి రా."

అంతే. ఫణీంద్ర గాల్లో తేలిపోతూ బయటికొచ్చాడు. షబానాకి చెప్పాడు, క్యాంటీన్లో చెప్పాడు, ఎవరూ అడక్కపోయినా సన్యాసిరావుకి రెండుసార్లు చెప్పాడు. ఆ రాత్రి గోళ్ళు కత్తిరించుకున్నాడు.

పొద్దున్న ఆరున్నరకే హాజరు. సన్యాసిరావు నవ్వాపుకుంటూ ఒక ఆకుపచ్చ గౌను చేతిలో పెట్టాడు. అది డాక్టర్లది కాదు, పేషంట్లు వేసుకునేది.

"పడుకో," అన్నారు మేడం, మిషన్ గదిలో మూలనున్న టేబుల్ చూపించి.

గౌను తొడుక్కుని పడుకున్నాడు. మొహం మీద నీలం గుడ్డ పరిచారు. కుడి కంటి దగ్గర మాత్రం కన్నం. ఆ కన్నంలోంచి పెద్ద లైటు. ఇంక లోకంలో ఏమీ లేదు, ఆ లైటు తప్ప. గుడ్డ కింద తన ఊపిరే తనకి వేడిగా తగులుతోంది. ముక్కు దురద పెట్టింది. చేతులు కదపకూడదని తనే రోజూ వార్డులో పేషంట్లకి చెప్తాడు కాబట్టి కదపలేదు.

మేడం తల దగ్గర స్టూలు మీద కూర్చున్నారు. చిటికెన వేలు అతని నుదుటి మీద ఆనించారు, నిజం ఆపరేషన్లో ఆనించినట్టే. ఆవిడ చేతిలో ఏ పనిముట్టూ లేదు. ఆ సంగతి అతనికి తెలుసు. పడుకోబోతూ తన కళ్ళతో తను చూశాడు.

అయిదు నిమిషాలు గడిచాయి. ఎవరివో చెప్పులు అటు నుంచి ఇటు నడిచాయి. ఎక్కడో స్టీలు ట్రే చప్పుడైంది. వేలు మాత్రం నుదుటి మీదే ఉంది.

ఉన్నట్టుండి పైనుంచి వినిపించింది.

"ప్చ్."

ఫణీంద్ర రెండు చేతులూ టేబుల్ అంచుల్ని పట్టేసుకున్నాయి.

"మేడం, ఏమైంది?"

వేలు నుదుటి మీంచి కదల్లేదు.

"మేడం?"

కంటికి ఏమీ కాలేదని తెలుసు, కంటిని ఎవరూ ముట్టుకోలేదనీ తెలుసు. అయినా సరే ఆ ఒక్క కన్నూ ఇంకా ఉందో లేదో చూసుకోవడానికి టపటపా రెప్పలార్పాడు.

ఆవిడ మెల్లిగా గుడ్డ తీశారు.

"ఏం లేదు. టిఫిన్ డబ్బా ఇంట్లో మర్చిపోయాను."

సన్యాసిరావు ఇంక ఆపుకోలేకపోయాడు. తలుపు దగ్గర షబానా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఫణీంద్ర కూడా నవ్వాడు పాపం. నవ్వుతూ లేచి కూర్చున్నాడు గానీ, అరచేతులు చూసుకుంటే తడిసి ముద్దయ్యాయి. మేడం అప్పటికే రౌండ్స్ కి వెళ్ళిపోయారు. కేసు ఇస్తాననీ అన్లేదు, ఇవ్వననీ అన్లేదు.

ఆ మధ్యాహ్నం మిషన్ ముందు కూర్చున్నాడు. మూడో నిమిషంలోనే చీలిక అంచు వైపు పరిగెత్తింది. తెర ఎర్రబడింది.

"ఎర్రగైపోనాది డాక్టరుబాబూ. కొత్తది ఎట్టేద్దునా?" అన్నాడు సన్యాసిరావు, బటన్ మీద చెయ్యేసి.

"వద్దు."

"మార్కులు పోతాయి బాబూ."

"పోనీ."

చేతులు ఆపాడు. నోటిదాకా వచ్చిన 'ప్చ్'ని మింగేశాడు. తర్వాత చీలిక కొసని మెల్లిగా పట్టుకుని, వచ్చిన దారినే వెనక్కి లాగడం మొదలుపెట్టాడు. జారింది. మళ్ళీ పట్టుకున్నాడు. నలభై నిమిషాలు పట్టింది. గుండ్రంగా ఏం రాలేదు, వంకాయలా వచ్చింది. కానీ సంచి నిలబడింది. శుక్లం తీశాడు, కొత్త లెన్స్ కూర్చోబెట్టాడు. కన్ను పూర్తయింది.

డెబ్భై ఒకటి.

సన్యాసిరావు ఆ అంకె కాగితం మీద రాయాలా వద్దా అని తటపటాయిస్తున్నాడు. ఫణీంద్ర వెనక్కి తిరిగితే గుమ్మంలో మేడం. ఎప్పుడొచ్చారో తెలీదు. చేతిలో టీ గ్లాసు సగం ఖాళీ అయి ఉంది.

ఫణీంద్ర లేచి నిలబడ్డాడు. ఇంక మూడు నెలలు ఖాయం అనుకున్నాడు. విచిత్రంగా, అంత బాధగా ఏం అనిపించలేదు.

"ఇవాళ డెబ్భై ఒకటే మేడం," అన్నాడు.

"చూశాను. రేపు థియేటర్లో రెండో టేబుల్ నీది. అప్పలనర్సమ్మ, కుడి కన్ను. నేను పక్కనే ఉంటాను."

ఆవిడ మిగిలిన టీ తాగేసి గ్లాసు కిటికీలో పెట్టారు.

"వార్డులోనే ఉంది. వెళ్ళి కాసేపు కూర్చో. కోడలితో పోట్లాడి వచ్చిందట, చెప్పుకోవాల్సింది చాలా ఉంది."

ఫణీంద్ర వెళ్ళాడు. గంటన్నర దాకా తిరిగి రాలేదు.